రేకుల కప్పు మార్చుట: పొందూరు నేతయిండ్ల దృష్టితో ఒక సమీక్ష

శ్రీకాకుళము జిల్లాలో, హౌరా నుండి మద్రాసు పోవు రైలుమార్గము మీద, శ్రీకాకుళము రోడ్డునకును చీపురుపల్లికిని నడుమ నున్న పొందూరు, సన్నని ఖద్దరునకు దేశమంతట పేరొందిన ఊరు. వాలుగచేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చుట్టి, ఒంటికదురు రాట్నముపై నూరు నంబరు నూలును వడకి, దానిని గుంటమగ్గముపై నేయు విద్యను గూర్చి వ్రాసినవారు పెక్కురు. కాని ఆ విద్య యే కప్పు నీడను సాగుచున్నదో, ఉత్తరాంధ్ర పల్లెలలో ఆ కప్పు తాటియాకునుండి పెంకునకును, పెంకునుండి రేకునకును ఎట్లు మారినదో, నేడు త్రుప్పుపట్టిన రేకులను దింపవలసి వచ్చినపుడు వాని స్థానమున నేమి వేయదగునో, ఎట్లు వేయదగునో విచారించినవారు అరుదు. మగ్గమునకు పన్నె యెంత ముఖ్యమో కప్పును అంత ముఖ్యమే యనుట అతిశయోక్తి కాదు. ఏలయన నూలుపోగు తెగుటయు తెగకుండుటయు మగ్గపు పొందికపైననే గాక గాలిలోని తేమపైనను, ఆ తేమ నిలుచుట కప్పుపైనను ఆధారపడి యున్నవి.

ఈ విషయమున నాలుగు పక్షములవారు నాలుగు విధములుగా మాటలాడుచున్నారు. రేకులమ్ము వర్తకుడు మందమును, ధరను చెప్పును. ఇంజనీరు గాలివేగమును చెప్పును. వైద్యుడు సిమెంటు రేకులోని అస్బెస్టాసు నారను గూర్చి హెచ్చరించును. ఇంటివాడు ఎండను, అప్పును తలచుకొనును. ఎవరి మాటలోను అసత్యము లేదు. కాని యే యొక్కరి మాటయు సమగ్రము కాదు. వీనినన్నిటిని ఒకచోట చేర్చి తూచుటయే ఈ సమీక్షకు ఉద్దేశము. నా నిర్ణయమును ముందే విన్నవించెదను: "ఏ రేకు మంచిది?" అను ప్రశ్నతో మొదలుపెట్టినవాడు సాధారణముగా నష్టపోవును, "ఈ కప్పు క్రింద జరుగవలసిన పని యేది? దీనిని ఎగురగొట్టగల గాలి యెంత? దీనిని మోయు కొయ్య యేపాటి?" అను ప్రశ్నలతో మొదలుపెట్టినవానికి రేకు సంగతి తనంత తానే తేలును.

రేకునకు పూర్వము

ఉత్తరాంధ్ర తీరమున పేదవాని కప్పు తాటియాకో, రెల్లుగడ్డియో, వరిగడ్డియో అయి యుండెను. సముద్రతీరపు పల్లెలలోని చుట్టిల్లు ఈ కప్పునకు పరిపక్వమైన రూపము. గుండ్రని మట్టిగోడ, దానిపై శంకువువలె కూర్చిన వాసములు, నేలకు మనిషి నడుమెత్తువరకు దిగివచ్చిన చూరు. గాలి యే దిక్కునుండి వచ్చినను పట్టుకొనుటకు మూల యన్నది దానికి దొరకదు. శాస్త్రజ్ఞులు గాలిసొరంగములలో పరీక్షించి నేడు చెప్పు సూత్రమును, ఆ యిండ్లు కట్టిన బెస్తలును కాపులును అనుభవముచేతనే గ్రహించిరి. ఆకుకప్పు వేసవిలో చల్లనిది, శీతకాలమున వెచ్చనిది, లోపలి తేమను నిలుపునది. మగ్గపుటింటికి అంతకు మించిన కప్పు నేటికిని రాలేదని నిస్సంకోచముగా చెప్పవచ్చును.

అయినను ఆకుకప్పును విడిచినవారిని తప్పుపట్టుటకు వీలులేదు. రెండుమూడేండ్ల కొకమారు కప్పు నేయించవలెను. తాటియాకు దొరకుటయు, నేయువారు దొరకుటయు ఏటేట కష్టమగుచున్నవి. చెద, ఎలుక, పాము చేరును. వీనికన్నిటికి మించినది అగ్నిభయము. వేసవి పడమటిగాలిలో ఒక యింట రేగిన నిప్పు వీధినంతయు బూడిద గావించిన వార్తలు ఈ జిల్లాలో ప్రతితరమువారును విన్నవే. ఇంటిలో పడుగు, నూలు, నేసిన బట్ట, సంవత్సరపు కష్టము సమస్తమును ఉన్న నేతగానికి ఆ భయము మరింత గొప్పది.

పెంకులలో కుమ్మరి చేయు నాటుపెంకు మొదటిది. బెంగుళూరు పెంకని మనవారు పిలుచు పలకపెంకు రెండవది. ఈ రెండవదాని పుట్టుక బెంగుళూరున కాక మంగుళూరున జరిగినది. 1865లో బాసెల్ మిషనువారు నేత్రావతీ నదీతీరపు బంకమట్టితో అచ్చట స్థాపించిన కార్ఖానాయే దానికి మూలము. పెంకుల సందులగుండ వేడిగాలి పైకి పోవును, పగిలిన పెంకును ఒక్కదానినే మార్చుకొనవచ్చును, బరువు చదరపు మీటరునకు నలుబది కిలోలకు పైబడుటచే సామాన్యపు గాలికి లేవదు. కాని ఆ బరువును మోయుటకు బలమైన దూలములును వాసములును కావలెను. మంచి కలప ధర పెరిగినకొలది పెంకుటిల్లు సామాన్యునకు దూరమైనది.

రేకు రాక

ముడుతలు వేసిన ఇనుపరేకునకు 1829లో లండనులో హెన్రీ రాబిన్సన్ పామర్ అను ఇంజనీరు పేటెంటు పొందెను. పలుచని రేకును ముడుతలు వేసినచో అది తన బరువునకు అనేకరెట్లు గట్టిదగునన్నది ఆయన కనిపెట్టిన ఉపాయము. 1837లో ఫ్రాన్సు దేశమున స్టానిస్లా సొరెల్ కరిగిన జింకులో ఇనుమును ముంచి త్రుప్పును ఆపు పద్ధతికి పేటెంటు పొందెను. ఈ రెండు ఉపాయముల కలయికయే మన జింకురేకు. రైల్వేలు, రేవులు, గిడ్డంగులు దీనిని ప్రపంచమంతట వ్యాపింపజేసినవి.

దీని వెనువెంట సిమెంటురేకు వచ్చినది. ఆస్ట్రియా దేశపు లుడ్విగ్ హాట్షెక్ ఇరువదియవ శతాబ్దారంభమున సిమెంటులో అస్బెస్టాసు నారను కలిపి పలుచని పలకలు చేయు విధానమును కనిపెట్టగా, 1946లో హైదరాబాదున ఆ పరిశ్రమ నెలకొని, తెలుగు పల్లెలలో సిమెంటురేకు ఇంటింటి మాట యయ్యెను. అది త్రుప్పుపట్టదు, ఇనుపరేకంత వేగముగా కాగదు, వానచప్పుడును కొంత తక్కువ. ఈ గుణములచే అది పేదవాని ఆదరమును చూరగొన్నది. కడపటిది 1972లో అమెరికాలో విపణికి వచ్చిన మిశ్రలోహపు పూత: నూటికి 55 పాళ్లు అల్యూమినియము, 43 పాళ్లకు పైగా జింకు, మిగిలినది సిలికాను. నేడు రంగు వేసి అమ్ముచున్న రేకులలో పెక్కింటి అడుగుపూత ఇదియే.

గాలి చెప్పు లెక్క

2013 అక్టోబరు 12న ఫైలిను తుపాను ఒడిశా తీరపు గోపాలపురము వద్దను, సరిగా సంవత్సరమునకు అదే తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్దను, 2018 అక్టోబరు 11 వేకువను తిత్లీ తుపాను పలాస సమీపమునను తీరము దాటినవి. తిత్లీ గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగమున వీచెను. హుద్‌హుద్ అంతకంటె తీవ్రము. ఆశ్వయుజము ఉత్తరాంధ్రకు పండుగల మాసమే గాక కప్పులకు పరీక్షామాసము కూడ నన్నమాట.

గాలి కప్పును నొక్కి కూల్చునని సామాన్యుల తలంపు. నిజమునకు గాలి కప్పును పైకి లాగును. ఇంటిమీదుగా వేగముగా పోవు గాలి కప్పుపై ఒత్తిడిని తగ్గించును. అదే సమయమున విరిగిన తలుపునుండియో కిటికీనుండియో లోనికి చొచ్చిన గాలి క్రిందినుండి నెట్టును. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 875, మూడవ భాగము, ఈ తీరమునకు సెకనుకు 50 మీటర్ల గాలివేగమును, అనగా గంటకు 180 కిలోమీటర్లను, ఆధారముగా తీసికొనుమని విధించుచున్నది. ఆ వేగమున ప్రతి చదరపు మీటరుపైనను కలుగు ఒత్తిడి ఇంచుమించు 150 కిలోల బరువునకు సమానము. మూలలయందును, చూరులయందును, వెన్నునొద్దను లాగుడు ఇంకను హెచ్చు. అర మిల్లీమీటరు మందపు రేకు బరువో, చదరపు మీటరునకు నాలుగైదు కిలోలు మాత్రమే. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవానికి, రేకు తన బరువుచే నిలుచునది కాదనియు, బిగింపుచే మాత్రమే నిలుచుననియు వేరుగా బోధింప నక్కరలేదు. రేకులపై రాళ్లును ఇసుకబస్తాలును పెట్టుట ఈ లెక్కముందు ఏ మూలకును చాలదు. అవి గాలిలో లేచినపుడు ప్రాణాపాయము కూడ.

కావున బిగింపు ఒక గొలుసుగా నుండవలెను. రేకు అడ్డవాసమునకు, అడ్డవాసము పెద్దవాసమునకు, అది దూలమునకు, దూలము గోడకు, గోడ పునాదికి పట్టుబడి యుండవలెను. వీనిలో ఎక్కడ సడలినను మిగిలిన బలమంతయు వ్యర్థము. తరచుగా చూచు లోపము రేకునకు క్రిందిమెట్లలోనిదే: రేకునకు మంచి జె-బోల్టులు వేసి, ఆ బోల్టులు పట్టుకొన్న కొయ్యను మాత్రము రెండు మేకులతో గోడపై నిలిపెదరు, తుపాను వచ్చినపుడు రేకు, కొయ్య కలిసియే లేచిపోవును. ఇనుపపట్టీతోనో, మెలిపెట్టిన తీగెతోనో వాసమును గోడలోని కమ్మికి కట్టుట స్వల్పవ్యయముతో కూడిన పని. దాని విలువ మాత్రము మొత్తము కప్పు విలువ. చూరును ఒకటిన్నర అడుగునకు మించి బయటకు చాపకుండుట, వసారా కప్పును ఇంటికప్పుతో కలిపి ఒకే రేకుగా సాగింపక వేరుగా కట్టుట, వీలైనచోట రెండువాలులకు మారుగా నాలుగువాలుల కప్పు కట్టుట, చివరి వరుసలలో బోల్టులను దగ్గరదగ్గరగా వేయుట అనునవి ఇంజనీర్లందరును ఏకాభిప్రాయముతో చెప్పు మాటలు.

నూలు చెప్పు లెక్క

గాలి సంవత్సరమున కొకనాడు పరీక్షించును. ఎండ ప్రతిదినమును పరీక్షించును. పత్తిపోగు తడిసినకొలది బలపడు స్వభావము గలది. అందుచేతనే మిల్లులలో నేతశాలయందు గాలితేమను నూటికి 70, 80 పాళ్లవద్ద నిలుపుటకు యంత్రములు పెట్టెదరు. గుంటమగ్గపు నేతగానికి ఆ యంత్రము మట్టినేల, గుంటలోని చెమ్మ, ఆకుకప్పు. వీనిలో మూడవది పోయి దాని స్థానమున ఎండకు 60 డిగ్రీలు దాటి కాగు ఇనుపరేకు వచ్చినపుడు, గది గాలి వేడెక్కి పొడిబారును. నూరు నంబరు నూలు మొదట తెగును, ముతకనూలు తరువాత తెగును. అనగా పొందూరునకు పేరు తెచ్చిన సన్ననితనమే రేకు వేడికి అన్నింటికంటె ముందు బలియగును. తెగిన పోగును అతుకుటకు పట్టు కాలము నేతగాని కూలిలో నుండి తరుగును. మధ్యాహ్నపు పని మానుకొని వేకువకు, సాయంకాలమునకు జరుపుకొనిన దినము దాదాపు సగమై పోవును.

మరియొక చిక్కు కలదు. శీతకాలపు వేకువను ఇనుపరేకు బయటిగాలికంటె కూడ చల్లబడును. ఇంటిలోని నిశ్వాసపుటావిరి రేకు అడుగున బిందువులై పడుగుపై రాలును. పాతరేకైనచో ఆ బిందువు త్రుప్పురంగుతో రాలును. తెల్లని సన్ననిబట్టపై ఆ మరక పడినచో దాని నష్టమెంతో నేసినవానికే తెలియును.

ఈ రెంటికిని విరుగుడు లేకపోలేదు. మొదటిది రేకునకు క్రింద జానెడు ఎడముతో వెదురుతడకనో, తాటియాకు చాపనో, పలకనో లోకప్పుగా కట్టుట. దానిచే రేకు వేడి సూటిగా మగ్గముపై పడదు, రాలు బిందువును ఆగును. రెండవది వెన్నునొద్దను చూరులయందును గాలిదారి విడుచుట; ఎడములో కాగిన గాలి పైకి పోవును. మూడవది తెలుపు. మెరయు క్రొత్త జింకురేకు ఎండను తిరుగగొట్టినను, పీల్చుకొన్న వేడిని తేలికగా విడువదు. తెల్లనిరంగు ఎండను త్రిప్పికొట్టును, వేడిని విడుచును కూడ. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లనికప్పుల విధానమును ప్రకటించినపుడు దానికి ఆధారము ఈ సూత్రమే. కాని ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. సున్నము డాబాకు తగినది. లోహపు పూతగల రేకునకు తగదు. సున్నపు క్షారము జింకును, అల్యూమినియమును తినివేయును. రేకునకు లోహమునకై చేసిన తెల్లరంగే వేయవలెను, లేదా కార్ఖానాలో తెల్లరంగు వేసిన రేకునే కొనవలెను.

త్రుప్పు, నార

రేకు ఆయువు ఇనుప మందముపై కాక జింకు మందముపై ఆధారపడి యుండును. చదరపు మీటరునకు 275 గ్రాముల పూతగల రేకునకు ఒక్కొక్క ప్రక్కన జింకు ఇంచుమించు 19 మైక్రానులు. 120 గ్రాములదానికి ఎనిమిదే. ఉప్పుగాలి తగులుచోట ఈ పూత ఏటికి ఒకటి రెండు మైక్రానులు, సముద్రమునకు మరీ చేరువను అంతకంటె ఎక్కువగ, కరగిపోవును. కొనువాడు గేజిని మాత్రమే అడిగి పూతను అడుగకపోవుట వలననే, ఒకే వీధిలో ఒకే మందపు రేకులు ఒకయింట ఇరువదియేండ్లు, ఇంకొకయింట ఏడెనిమిదేండ్లు నిలుచుచున్నవి. మిశ్రలోహపు పూత దీనికి రెండుమూడురెట్లు మన్నును. కాని తడి సిమెంటును, పచ్చికొయ్యను, రాగితీగెను దానికి తగులనీయరాదు.

సిమెంటురేకు విషయము వేరు. అస్బెస్టాసు నార ఊపిరితిత్తులలో చేరినచో ఇరువది, నలుబది యేండ్ల తరువాత కూడ క్యాన్సరు పుట్టించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించినది. ఐరోపా సమాఖ్య 2005 నాటికి దానిని నిషేధించినది. మన సుప్రీముకోర్టు 1995 జనవరిలో ఆ పరిశ్రమ కార్మికుల ఆరోగ్యరక్షణకై విస్తృతమైన ఆదేశము లిచ్చినది. అయినను తెల్ల అస్బెస్టాసుతో రేకులు చేయుట మన దేశమున సాగుచునే యున్నది. కదలక మెదలక పైనున్న రేకుకంటె కోయుచున్న, తొలుచుచున్న, పగులగొట్టుచున్న రేకు ఎక్కువ ప్రమాదకరమని అందరును ఒప్పుకొందురు. కాబట్టి కప్పు మార్చు దినమే ఎక్కువ అపాయకరమైన దినము. ఆ దినమున రేకులను నీటితో తడిపి, బోల్టులు విప్పి, పగులకుండ ఒక్కొక్కటిగా దింపవలెను. ముక్కునోళ్లకు తగిన మాస్కు ఉండవలెను. పిల్లలను, మగ్గమును, నూలును ముందుగనే వేరొకచోటికి తరలింపవలెను. విరిగిన ముక్కలను బాటగుంటలలో పోసి త్రొక్కించుట, కోళ్లగూడునకు వాడుట మానవలెను. క్రొత్తగా సిమెంటురేకే కావలెనన్నవారికి అస్బెస్టాసు లేని నారతో చేసినవి అంగడిలో దొరకుచున్నవి.

డాబా గూర్చి క్లుప్తముగా చెప్పిన చాలును. అది గాలికి అజేయము, అగ్నికి అభేద్యము. కాని పాతమట్టిగోడలు దానిని మోయలేవు, పగలు త్రాగిన వేడిని రాత్రియంతయు క్రక్కును. లారీ బేకర్ అను వాస్తుశిల్పి ప్రచారము చేసినట్లు కాంక్రీటు నడుమ పెంకులు పొదిగి వేసిన కప్పు ఖర్చును, బరువును కొంత తగ్గించును. క్రొత్తగా గోడలతో సహా కట్టుకొనువారు ఆలోచింపదగినదే గాని, కప్పు మార్చుటయే సమస్య అయినవారికి అది సమాధానము కాదు.

చక్రములమీది యిండ్లు నేర్పిన పాఠము

కప్పు మార్చుట యను పనిని మిక్కిలి సూక్ష్మముగా పరిశీలించినవారు, విచిత్రముగా, ఇల్లు కట్టువారు కారు. అమెరికాలో మోటారుకారు వెనుక తగిలించుకొని పోవు యాత్రాగృహములు, అనగా ట్రావెల్ ట్రైలర్లు, 1930 నుండి 1960 వరకు వేలకొలది తయారైనవి. 1936లో వాలీ బయామ్ విడుదల చేసిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పరు విమానమువలె అల్యూమినియము పలకలను రివిట్లతో కూర్చినది; చౌకవానిలో సన్నని కొయ్యచట్రముపై పలుచని అల్యూమినియము కప్పు పరచి యుండును. వానిని నేడు పునరుద్ధరించు పనివారి అనుభవము మనకు మిక్కిలి ఉపయోగకరము. పాడైనది లోహము కాదు. అతుకులయందును, స్క్రూరంధ్రములయందును, గాలితూముల అంచులయందును ఎండిపోయిన లప్పముగుండ చొచ్చిన నీరు లోపలి కొయ్యను క్రుళ్లజేసినది. పైన తారు పూసి కారుటను ఆపినవారు నీటిని లోపలనే బంధించి క్రుళ్లును రెట్టించిరి. నేర్పుగల పనివాడు మొదట అంచుపట్టీలను విప్పి, పాతరేకును చింపక ఎత్తి, దానినే క్రొత్తరేకునకు కొలతగా పెట్టుకొని, క్రిందికొయ్యను ఒక్కొక్కదానిని పొడిచి చూచి, క్రుళ్లినదానిని మార్చి, ఆ తరువాతనే వీలైనంత తక్కువ అతుకులతో క్రొత్తరేకును పరచి, అంచులలో మెత్తని బ్యూటైలుపట్టీ నొక్కి బిగించును.

ఈ క్రమము పొందూరు ఇంటికప్పునకు అక్షరాల వర్తించును. రేకు దింపిన దినము వాసముల నిజస్థితి కంటబడు ఏకైక దినము. ఆ దినమున చెదపట్టిన వాసముపైననే క్రొత్తరేకు పరచినవాడు వచ్చు తుపానునకు క్రొత్తరేకులను అర్పణ చేసినవాడగును. పాతబోల్టురంధ్రములలో మరల బోల్టు బిగింపరాదు. రంధ్రమును ముడుత పల్లమున కాక మిట్టపై తొలువవలెను. వాషరు లేని బోల్టును అంగీకరింపరాదు. రేకు రేకుపై ఎక్కు ఒరుపును వానగాలి వచ్చు దిక్కునకు మరుగుగా పెట్టవలెను. ఈ పనికి సంక్రాంతి దాటినప్పటినుండి వైశాఖమువరకు తగిన కాలము. తొలకరి పడినపిదప తొందరలో చేసిన కప్పు, తుపాను పిదప తొందరలో పరచిన కప్పు, రెండును మరల మార్చవలసిన కప్పులే.

నిర్ణయము

ఇట్లు నాలుగు పక్షములను విని చూడగా, మగ్గపుటింటికి పెంకు నిలుపుకొనగలవారు దానిని విడువకుండుట ఉత్తమము. కలప మోయనిచోట తెల్లరంగు వేసిన, మంచిపూత గల లోహపురేకు, దానిక్రింద తడకయో పలకయో లోకప్పు, వెన్నున గాలిదారి, గోడవరకు దిగిన బిగింపు, ఈ నాలుగును కలిసినప్పుడే మధ్యమము. లోకప్పును, బిగింపును లేని ఒట్టిరేకు ఎంత మందమైనదైనను అధమము. డబ్బు చాలనివాడు రేకు మందములో కాదు, ఇంటి విస్తీర్ణములో పొదుపు చేసి, మొదట మగ్గపుగదికి మాత్రమైనను సమగ్రమైన కప్పు వేసికొనుట మేలు.

ఈ భారమునంతయు నేతగాని మీదనే మోపుట న్యాయము కాదు. తుపాను సహాయముగా రేకులను లెక్కించి పంచునప్పుడు, వానితో బోల్టులను, వాషర్లను, వాసము కట్టు ఇనుపపట్టీలను కూడ లెక్కించి పంచవలెను. అవి లేని రేకుల కట్ట సగము సహాయము మాత్రమే. ఊరి వడ్రంగులకు, రేకులు వేయు కూలీలకు ఈ బిగింపు పద్ధతిని, సిమెంటురేకు దింపు జాగ్రత్తను చేసి చూపించి నేర్పవలెను. ఖాదీ సంస్థలును, చేనేత శాఖయు మగ్గమునకు, పన్నెకు, రాట్నమునకు ఇచ్చు సహాయపు పట్టికలో మగ్గపుగది కప్పును, దాని లోకప్పును ఒక పనిముట్టుగా చేర్చవలెను. పొందూరు బట్టను ధరించుటచే మనము గౌరవము పొందుచున్నాము. దానిని నేయు మనిషి వైశాఖమధ్యాహ్నమునను పోగు తెగక కూర్చుండగలుగునట్లు, ఆశ్వయుజపు రాత్రి నిశ్చింతగా నిద్రింపగలుగునట్లు చేయుట ఆ గౌరవమునకు మనము చెల్లింపవలసిన ఋణము. ఆ ఋణము తీర్చుటకు కావలసిన విద్య మనకు కొరతగా లేదు. అది పట్టీలలో, బోల్టులలో, తడకలలో ఉన్నది, మన చేతికి అందునంత దూరముననే యున్నది.